తిరుగు ఊపిరి

మలక్‌పేట అనగానే హైదరాబాదు వాసులకు మొదట జ్ఞప్తికి వచ్చేది గుర్రపు పందేల మైదానం. మౌలాలీలో జరుగుతుండిన పందేలను 1886లో ఇక్కడికి తరలింపజేసినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. గుర్రాల వగర్పు మీద ధనం కుమ్మరించిన ప్రభువులు మన దేశంలో చాలామందే ఉండిరి. కాని ఆ తరువాత రెండేండ్లకే మనిషి ఊపిరిని గురించి విచారణ జరిపించడానికి బొక్కసం తెరవడం మాత్రం ఏ ప్రభువుకైనా అరుదైన పని.

ఆ విచారణే 1888లోనూ, 1889లోనూ కూర్చున్న హైదరాబాదు క్లోరోఫారం కమిషను. క్లోరోఫారం మత్తులో రోగి చనిపోతే ముందు ఆగేది గుండెయా, ఊపిరియా అన్నది ఆనాటి వైద్యులను రెండు పక్షాలుగా చీల్చిన ప్రశ్న. మలక్‌పేట నుంచి మూసీ దాటితే అఫ్జల్‌గంజి. అక్కడి ఆసుపత్రిలో పనిచేసిన ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం వాడు. లండనులోని లాన్సెట్ పత్రిక నిజాము ఇచ్చిన ధనంతో లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుని ఇక్కడికి పంపినది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగినవి. ఆ పనిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూంజీ మత్తువైద్యం చేపట్టిన తొలి స్త్రీలలో ఒకరు. ముందు ఆగేది ఊపిరేనని కమిషను తీర్పు చెప్పినది. ఆ తీర్పు సగమే నిజమని, తేలికపాటి క్లోరోఫారంలో గుండె హఠాత్తుగా అదిరి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించినాడు. తీర్పు వీగిపోయినా పాఠం మాత్రం నిలిచినది: మత్తు ఇచ్చేవాని కన్ను రోగి ఊపిరిని విడిచి కదలరాదు.

నేడు మలక్‌పేటలో ఆసుపత్రులకు కొదువ లేదు. అక్కడి ఆపరేషను గదిలో రోగి తల దగ్గర నిలిచి ఉండే మత్తుయంత్రాన్ని పరికించి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. రోగి విడిచిన ఊపిరి బయటికి పోదు. అది ఒక గొట్టం వెంట పోయి, సోడా సున్నపు గుళికలు నింపిన డబ్బాలో దూరి, అక్కడ తన బొగ్గుపులుసు వాయువును వదిలివేసి, కొంచెం కొత్త ప్రాణవాయువును కలుపుకొని, మరొక గొట్టం వెంట మళ్ళీ రోగి దగ్గరికే వస్తుంది. తెల్లని గుళికలు పని అయిపోగానే ఊదారంగుకు తిరిగి, మార్చమని చెబుతాయి. ఇదే ఏర్పాటును చిన్నది చేసి వీపునో రొమ్మునో కట్టుకొని సముద్రంలో దిగితే, దానిని రీబ్రీదర్ అంటారు. తెలుగులో తిరుగు ఊపిరి అనవచ్చును. దానినే తగిలించుకొని బొగ్గు గనిలోని విషవాయువులోనికి నడిస్తే అది గని రక్షకుని పరికరం. మూడింటికీ వంశం ఒక్కటే. తేడా ఒక్కచోట ఉన్నది. ఆపరేషను బల్ల మీద ఉన్నవాని ఒత్తిడిమానిని కనిపెట్టడానికి పక్కన వైద్యుడున్నాడు. నీటిలో ఉన్నవాడు తన ఊపిరిని తానే కొలుచుకోవలె.

ఓడిన దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో జలస్తంభన విద్యతో దాగినాడని భారతం చెబుతున్నది. ఆయన అక్కడ ఏ గాలి పీల్చినాడో కవులు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ వారికి లేదు. మామూలు మనిషికి ఆ మడుగులో వచ్చే చిక్కు ఏమిటో లెక్కవేసి చూద్దాము. మనం పీల్చే గాలిలో నూటికి ఇరవై ఒక్క పాలు ప్రాణవాయువు. విడిచే గాలిలో ఇంకా పదహారు పదిహేడు పాళ్ళు మిగిలే ఉంటుంది. అంటే మనం వాడుకొనేది పావువంతుకంటె తక్కువ, తక్కినదంతా పారబోత. నేల మీద ఈ దుబారాకు లెక్క లేదు. నీటిలో పది మీటర్ల లోతుకు ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగుతూ పోతుంది. ముప్పై మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగు వాతావరణాలు గనుక, సిలిండరులోని గాలి పీల్చి బుడగలుగా విడిచే ఈతగానికి ఒక్కొక్క ఊపిరికి నాలుగింతల గాలి ఖర్చు. కాని శరీరం నిజంగా దహించుకొనే ప్రాణవాయువు లోతును బట్టి మారదు. ఊరక కూర్చున్నవానికి నిమిషానికి పావు లీటరు చాలు. కష్టపడి పనిచేసేవానికి ఒకటి నుంచి రెండు లీటర్లు, మరీ శ్రమిస్తే ఇంకా కొంచెం. విడిచిన ఊపిరిని కడిగి మళ్ళీ వాడుకొంటే చిన్న సిలిండరుతో గంటల తరబడి ఉండవచ్చు. పైకి బుడగలు కూడ రావు. నౌకాదళాలకు ఈ విద్య మీద మోజు పుట్టినది ఇందువల్లనే.

ఈ యుక్తిని పనికి తెచ్చినవాడు హెన్రీ ఫ్లూస్ అనే ఆంగ్లేయుడు. కాలం 1878. కాస్టిక్ పొటాషు ద్రావణంలో తడిపిన నార పీచుతో బొగ్గుపులుసును కడిగి, రాగి పాత్ర నుంచి స్వచ్ఛమైన ప్రాణవాయువును అందించే సంచి అది. 1880 నవంబరు నాటికి బ్రిటనులోని సెవర్న్ నది కింద త్రవ్వుతున్న రైలు సొరంగం నీటితో నిండిపోయి ఉన్నది. లోపల దాదాపు వెయ్యి అడుగుల దూరాన ఒక ఇనుపతలుపు మూయవలసి ఉన్నది. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు పైనుంచి గాలి పంపే గొట్టంతో పోతే, గొట్టం సొరంగపు కప్పుకు తేలి ముందుకు సాగనివ్వలేదు. అప్పుడతడు ఫ్లూస్ పరికరాన్ని తగిలించుకొని, చిమ్మచీకటిలో, కూలిన బండ్ల మీదుగా నడిచిపోయి తలుపు మూసి వచ్చినాడు. లోకం ముక్కు మీద వేలు వేసుకొన్నది.

లాంబర్ట్ ఎంతటి అపాయం నుంచి తప్పించుకొన్నాడో ఆనాడు అతనికి తెలియదు. ఫ్లూస్ తన సంచిని కుట్టిన ఆ 1878లోనే పారిస్ నగరంలో పాల్ బెర్ట్ అనే శాస్త్రజ్ఞుడు గాలి ఒత్తిడిని గూర్చి ఒక బృహద్గ్రంథం వెలువరించినాడు. ప్రాణవాయువు ఒత్తిడి ఒక హద్దు దాటితే అదే విషమై, జంతువులను మూర్ఛలతో చంపుతుందని అందులో ఉన్నది. ఒకరి మాట ఒకరికి చేరలేదు. శాస్త్ర చరిత్రలో ఇది కొత్త సంగతి కాదు గాని, ఇక్కడ దాని వెల ప్రాణాలతో చెల్లించవలసి వచ్చినది.

ఈ విద్యలోని మర్మమంతా ఒక్క మాటలో ఉన్నది. ప్రాణవాయువు సంచిలో ఎంత పాలు ఉన్నదన్నది కాదు, ఎంత ఒత్తిడితో ఉన్నదన్నదే శరీరానికి కావలసిన లెక్క. ఒక వాతావరణంలో ఇరవై ఒక్క పాలంటే ఆ ఒత్తిడి 0.21. అది 0.16కు దిగజారితే మెదడు మందగిస్తుంది, 0.10 దగ్గర స్పృహ పోతుంది. నీటిలో పనిచేసేవానికి అది 1.4కు మించకుండా చూచుకోవలె, 1.6 తుది హద్దు. ఆ పైన ఏ క్షణానైనా మూర్ఛ రావచ్చు. ఒట్టి ప్రాణవాయువు పీలుస్తూ ఆరు మీటర్లు దిగితే చాలు, ఆ తుది హద్దును తాకినట్లే. మరొక వైపు చూడండి. ముప్పై మీటర్ల లోతున నూటికి ఐదు పాళ్ళ ప్రాణవాయువున్నా ఒత్తిడి 0.20 గనుక మనిషి హాయిగా ఉంటాడు. అదే ఊపిరితో అతడు పైకి తేలుతూ వస్తే, గట్టు చేరేసరికి 0.05 మాత్రమే మిగులుతుంది. ఇంటికి వస్తున్నానన్న సంతోషంలోనే తెలివి తప్పుతుంది.

ఇందులో ఘోరమైన విషయం మరొకటి. గాలి చాలనప్పుడు మనకు కలిగే ఉక్కిరిబిక్కిరి ప్రాణవాయువు తగ్గినందువల్ల వచ్చేది కాదు, బొగ్గుపులుసు పెరిగినందువల్ల వచ్చేది. సోడా సున్నం ఆ బొగ్గుపులుసును శుభ్రంగా తుడిచివేస్తుంది గనుక, ఇంటి కావలికుక్కను చంపి దొంగకు తలుపు తెరిచినట్లవుతుంది. ఒట్టి ప్రాణవాయువు సంచితో దిగేవాడు ముందుగా తన రొమ్ములోని గాలిని పూర్తిగా విడిచి, సంచిని రెండు మూడు సార్లు నింపి ఖాళీ చేయకపోతే, ఊపిరితిత్తులలోని నత్రజని సంచిలో చేరిపోతుంది. అతడు ప్రాణవాయువును తినివేస్తూ ఉంటాడు, నత్రజని తరగదు. సంచి కుంచించుకొంటేనే కొత్త వాయువు వస్తుంది, కాని నత్రజనితో సంచి సగం నిండుగానే ఉన్నది. వగర్పు లేదు, బాధ లేదు. కొంచెం కులాసాగా కూడ ఉంటుందంటారు. అటుపైన ఏమీ ఉండదు.

పరికరాన్ని సరిదిద్దే పని ఇందువల్లనే పూజారి మడివంటిదైనది. సిలిండరులో వాయువు 200 వాతావరణాల ఒత్తిడితో బిగించి ఉంటుంది. రెగ్యులేటరులోని స్ప్రింగు, పొర కలిసి దానిని పదింటి లోపలికి దించుతాయి. లోపలి వాల్వు పీట అరిగితే దించిన ఒత్తిడి నిలకడగా ఉండక, గేజి ముల్లు చీమలాగా పైకి పాకుతుంది. ఆ పాకుడును కనిపెట్టి పీటను మార్చేవాడే మంచి పనివాడు. సాధారణపు ఈత పరికరంలో రెగ్యులేటరు సముద్రపు ఒత్తిడిని తాకుతూ ఉండవలె. లోతు పెరిగినకొద్దీ అదీ హెచ్చవలె. నిమిషానికి ఇంత అని సన్నని రంధ్రం గుండా ఎడతెగని ధార పంపే తిరుగు ఊపిరి పరికరంలో సంగతి తలక్రిందులు. అక్కడ రెగ్యులేటరుకు సముద్రం తగలకుండా మూసివేయవలె. రంధ్రానికి వెనుకనున్న ఒత్తిడి ముందున్న దానికి సుమారు రెండింతలైనా ఉన్నంత వరకు ధార మారదు. శరీరపు ఖర్చు లోతుతో మారదు గనుక ధార కూడ మారరాదన్నమాట. ఒకదానికి సద్గుణమైనది రెండవదానికి దోషం. ఇక ప్రాణవాయువు తగిలే మరకు నూనె బొట్టు సోకరాదు, వాల్వును ఒక్క ఊపున తిప్పరాదు. బిగబట్టిన ప్రాణవాయువు జిడ్డును అంటించివేస్తుంది. ఈ సూత్రం వెల్డింగు దుకాణాలవారికి ఎప్పటినుంచో తెలుసు. 2021లో కరోనా రెండవ వెల్లువ నాడు సిలిండరు కోసం తిరిగిన కుటుంబాలకు గేజి చదవడం కూడ బలవంతాన వచ్చినది. నింపినప్పుడు వేడెక్కిన సిలిండరు చల్లారితే ముల్లు దిగుతుందనీ, అది లీకు కాదనీ ఇంటి ఆడవారు సైతం నేర్చుకొన్నారు.

ఈ హద్దులను, ఈ అంకెలను ఎవరు కనుగొన్నారన్న ప్రశ్నకు సమాధానం మనలను కాకినాడకు తీసుకొని పోతుంది. జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ అనే తండ్రీకొడుకుల కథ అది. ఊపిరిని నడిపేది బొగ్గుపులుసేనని 1905లో ప్రీస్ట్‌లీతో కలిసి చూపినవాడు తండ్రి. లోతునుంచి పైకి వచ్చే డైవరు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగవలెనో చెప్పే పట్టికలను 1908లో ప్రకటించినవాడూ ఆయనే. ఆయన పరిశోధనశాల గనులలో ఉన్నది, ఆయన పరీక్షాపాత్ర తన శరీరం, తన పిల్లవాని శరీరం. మండే వాయువు పేరుకొన్న గని గదిలో కొడుకును నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఆంటనీ ఉపన్యాసం వల్లించమన్నాడు. నాలుగు మాటలకే బాలుడు కాళ్ళు తడబడి కూలినాడు. ఆ వాయువు తేలికైనది గనుక కప్పున ఉంటుంది, నేల దగ్గర మంచి గాలి ఉన్నది, పడినవాడు తేరుకొన్నాడు. పదమూడేండ్లయినా నిండీ నిండకముందే ఆ పిల్లవానికి పెద్దల డైవింగు దుస్తులు తొడిగి సముద్రంలో దింపినారు. దుస్తు వదులై నీరు కారినది. ఇట్టి పెంపకం మెచ్చదగినదా అంటే చెప్పడం కష్టం. కొడుకు మాత్రం జీవితాంతం తండ్రి బాటనే నడిచినాడు.

1939 జూన్ 1న లివర్‌పూల్ సమీపంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి తొలి పరీక్షలో మునిగిపోయినది. టార్పెడో గొట్టంలో నీరున్నదా లేదా అని చూచే చిన్న రంధ్రం రంగు పూతతో మూసుకొనిపోయి ఉండడం వల్ల, నీరు లేదనుకొని లోపలి తలుపు తెరిచినారు. మామూలుగా ఉండవలసిన వారికి రెట్టింపు మంది అందులో ఉన్నారు. చాలామంది నౌకను కట్టిన కార్మికులు. తప్పించుకొనే తిరుగు ఊపిరి సంచులున్నవి, కాని నలుగురే బయటపడినారు. తొంబది తొమ్మిది మంది చనిపోయినారు. మృతుల పక్షాన కార్మిక సంఘాలు హాల్డేన్‌ను విచారించమని కోరినవి. ఆయన, స్పెయిను యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురితో కలిసి, ఇనుపగదిలో తలుపు బిగించుకొని పద్నాలుగు గంటలకు పైగా కూర్చున్నాడు. తమ ఊపిరే తమను విషంగా చుట్టుకొంటుంటే తలనొప్పి ఎప్పుడు మొదలైనది, వగర్పు ఎప్పుడు హెచ్చినది, తెలివి ఎంతవరకు నిలిచినది, అన్నీ రాసుకొన్నాడు.

యుద్ధకాలంలో ఆయన, భార్య కాబోతున్న హెలెన్ స్పర్వే, మరి కొందరు సహచరులు బిగించిన ఒత్తిడిలో ప్రాణవాయువును పీల్చి చూచినారు. ఒత్తిడి బాగా హెచ్చితే రుచిలేని ఆ వాయువుకు ఒక పుల్లతీపి రుచి వస్తుందని ఆయన గమనించినాడు. ఆ రుచి చూచిన ఫలితంగా వచ్చిన మూర్ఛలో వెన్నుపూసలు నలిగి, జీవితమంతా నడుమునొప్పితో తీసుకొన్నాడు. కర్ణభేరికి పడిన రంధ్రం గుండా పొగాకు పొగ వదిలి నలుగురినీ నవ్వించేవాడట. అదే కాలంలో బ్రిటిషు నౌకాదళపు వైద్యుడు కెనెత్ డొనాల్డ్ రెండు వేలకు పైగా పరీక్షా మునకలు చేయించి కనుగొన్న సంగతి ఇంకా కలవరపరిచేది. ప్రాణవాయువు విషం ఎవనికి ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేము. ఒక్క మనిషికే ఒకనాడు గంటసేపు ఏమీ కాదు, మరునాడు పది నిమిషాలకే మూర్ఛ వస్తుంది. అలవాటు, దేహబలం, ధైర్యం ఏవీ కాపాడవు. హద్దును తగ్గించి పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. డొనాల్డ్ ఒట్టి ప్రాణవాయువుకు ఇరవై ఐదు అడుగులు హద్దు చెప్పినాడు.

ఈ జ్ఞానానికి తెలుగునేల మీద వారసులు రెండు చోట్ల ఉన్నారు. ఒకటి సింగరేణి. బొగ్గు తనంతట తానే రాజుకొనే గుణం గలది. రాజుకొన్న చోట కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రామగుండం రక్షణ కేంద్రంలో తర్ఫీదు పొందిన దళాలు వీపున తిరుగు ఊపిరి పెట్టెలతో ఆ చోటికి పోయి, గోడ కట్టి నిప్పును ఊపిరాడనీయకుండా చేస్తాయి. నేటి నాలుగు గంటల పరికరంలో రెండు లీటర్ల సిలిండరు, 200 వాతావరణాల ఒత్తిడి, అనగా నాలుగు వందల లీటర్ల ప్రాణవాయువు. ధార నిమిషానికి లీటరున్నర పైచిలుకు. లెక్క నాలుగు గంటలకే సరిపోతుంది. లోపలి సంచిని ఒక స్ప్రింగు నొక్కుతూ బయటి గాలికంటె లోపలి ఒత్తిడిని ఇంచుక హెచ్చుగా ఉంచుతుంది. ఎక్కడైనా సందు పడితే లోపలిది బయటికి పోవునే గాని, బయటి విషం లోపలికి రాదు. దళనాయకుడు కొద్దికొద్ది సేపటికొకసారి అందరి గేజీలు చదువుతాడు. ఎవని ముల్లు అందరికంటె తక్కువగా ఉన్నదో వాని లెక్క ప్రకారమే దళమంతా వెనుదిరగవలె. బలవంతుని ఊపిరితో కాక, తక్కువ ఊపిరి మిగిలినవానితో కాలం కొలిచే ఈ పద్ధతి ఎంతో న్యాయమైనది.

రెండవది విశాఖపట్నం. 1967లో భారత నౌకాదళంలో చేరిన తొలి జలాంతర్గామి కల్వరి మరుసటి ఏడు ఈ రేవుకు వచ్చినది. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి చేరువలోనే మునిగినది. అందులోని వారెవరూ బ్రతకలేదు. శత్రువే అయినా, ఊపిరి ఆగిన చోట మనుషులు మనుషులే. జలాంతర్గాములవారికి పాఠశాల అయిన ఐ.ఎన్.ఎస్. శాతవాహనలో మునిగిన నౌకనుంచి బయటపడే విద్యను నేర్పడానికి వినేత్ర అనే కొత్త శిక్షణశాల 2025లో ఏర్పడినది. అదే ఏడు జులైలో, హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైన నిస్తార్ అనే డైవింగు నౌక దళంలో చేరినది.

హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశం చేరి, కలకత్తాలో, ఆ పిమ్మట భువనేశ్వరంలో పనిచేసి, ఈ దేశపు పౌరుడైనాడు. ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. గురువు జీవితాన్ని గ్రంథస్థం చేసినవారు. మన పాఠ్యపుస్తకాలలో హాల్డేన్ పేరు జన్యుశాస్త్రం కింద మాత్రమే కనబడుతుంది. గనిలోనికి దిగే సింగరేణి రక్షకుడు గాని, విశాఖలో నీట మునిగే నావికుడు గాని ఆయనకు తానెంత బాకీ ఉన్నాడో ఎరుగడు. ఎరిగించవలసిన బాధ్యత బోధించేవారిది.

1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో ఆయన కాన్సరు వ్యాధితో కన్నుమూసినాడు. ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేర్చినారు. బ్రతికినన్నాళ్ళూ పరీక్షలకు వాడిన దేహమే గనుక చనిపోయిన తరువాత తనకిక దానితో పనిలేదనీ, ఇతరులు వాడుకోవలెననీ ఆయన కోరిక. దానిని చల్లగా భద్రపరచడం సాధ్యమైతే, ఆ ఖర్చును తన ఆస్తి మీద మొట్టమొదటి బాకీగా తీర్చవలెనని కూడ అందులో రాసిపెట్టినాడు.